అల్లూరి, భీం నిజంగా కలిశారా? సోషల్ టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ. చరిత్ర పాఠానికి ఫోను వాడాలా, గోడ మీది తెర వాడాలా, ఏఐ బొమ్మలు పెట్టాలా, అసలివేవీ వద్దా అని. అందుకని మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు నెట్టి, వీటిని ఒకచోట చేర్చాను. నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషిని. యంత్రాల సంగతి నాకంటే మీ పిల్లలకే బాగా తెలుసు. వాటిలో ఏ చరిత్ర దొరుకుతుంది, దొరికినదాన్ని తరగతిలో ఏం చేసుకోవాలి అన్నంతవరకే నా పెత్తనం.

ప్రశ్న: మా బడిలో గోడకు పెద్ద డిజిటల్ తెర బిగించారు. శాతవాహనుల పాఠానికి ఇరవై నిమిషాల వీడియో వేశాను. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. మర్నాడు అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. లోపం వీడియోదా, నాదా?
*ఒక ఉపాధ్యాయిని, సత్తెనపల్లి*

లోపం ఎవరిదో తేల్చడానికి పంచాయతీ ఎందుకు తల్లీ! అలాంటి వీడియోల్లో బొమ్మ క్షణానికొకటి మారిపోతుంది, వెనక సంగీతం మోగుతుంది, పైన ఒక గంభీరమైన గొంతు అన్నీ తేల్చి చెప్పేస్తుంది. పిల్లవాడికి ప్రశ్న పుట్టే సందు ఎక్కడుంది? ఈసారి వీడియో కట్టేసి, ఒకే ఒక్క బొమ్మ పెట్టి చూడండి.

మీరున్నది సత్తెనపల్లిలో. అమరావతి పక్కనే ఉంది కాబట్టి అక్కడి రాయితోనే మొదలుపెట్టండి. రాయి మాత్రం లండన్‌లో ఉంది. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటులో అమరావతి శిల్పాల ఫొటోలు పెద్ద సైజులో చూడవచ్చు. వాటిలో రెండు వైపులా చెక్కిన పలక ఒకటి ఉంది. ఒక వైపు చెక్కడం సుమారు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది. దాని మీద చెట్టు ఉంటుంది, చెట్టు కింద ఆసనం ఉంటుంది, చుట్టూ మొక్కుతున్న జనం ఉంటారు. ఆసనం మీద మాత్రం ఎవరూ ఉండరు. తెర మీద అంతవరకే చూపించి, “వీళ్లు ఎవరికి దండం పెడుతున్నారు?” అని అడగండి. అడిగాక మీరు మాట్లాడకండి. టీచర్లకు అన్నిటికంటే కష్టమైన పని అదే, నాకు తెలుసు. “చెట్టుకు” అంటాడొకడు. “రాజుగారు ఇంకా రాలేదు” అంటాడింకొకడు. మా తరగతిలో ఒక పిల్ల “కూర్చున్నాయన లేచి వెళ్లిపోయాడు” అంది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా గుర్తులతో చూపించిన కాలం ఒకటుందని చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు.

తర్వాత రాయి తిప్పండి. రెండో వైపు మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక, సుమారు క్రీస్తుశకం 3వ శతాబ్దంలో చెక్కారు. పాత చెక్కడాన్ని లోపలికి తిప్పేసి, ఖాళీగా ఉన్న వీపు మీద స్తూపం మొత్తం బొమ్మ దించారు. చుట్టూ ప్రాకారం, ద్వారం దగ్గర సింహాలు, ద్వారానికి ఎదురుగా నిలువునా ఐదు స్తంభాలు, పైన గొడుగులు. తెర మీద వేళ్లతో పెద్దది చేసి ఆ ఐదు స్తంభాలను పిల్లలచేతే లెక్కపెట్టించండి. ఇవాళ అమరావతి వెళితే కనిపించేది మట్టి దిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్లు. ఆ దిబ్బ ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఇలాంటి పలకలే. ఇంత పనికి తెర కావాలి, ఎందుకంటే పాఠ్యపుస్తకంలో ఆ బొమ్మ అగ్గిపెట్టెంత ఉంటుంది.

ఇక “మన రాయి అక్కడికెలా పోయింది?” అని పిల్లలు ఎలాగూ అడుగుతారు. అడగకపోతే మీరే అడిగించండి. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకల కోసం, రాళ్ల కోసం దిబ్బను తవ్వారు. ఆ కబురు విని 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. అప్పుడు తన మనుషులచేత మిగిలిన పలకల బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల పుస్తకం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో గీసిన పలకల్లో కొన్ని ఇప్పుడు లేనే లేవు, కాగితం మీద గీతలే మిగిలాయి. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, అక్కడి నుంచి 1859లో లండన్ చేరాయి. మరికొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వెంకటాద్రినాయుడు, మెకంజీ, ఎలియట్, ఈ ముగ్గురిలో ఎవరు రాయికి మేలు చేశారు, ఎవరు కీడు చేశారు అని తరగతిని రెండు జట్లు చేసి వదలండి. మర్నాడు నోరు విప్పరనే బెంగ మీకుండదు. నోరు మూయించడమే కష్టమవుతుంది.

ప్రశ్న: 2022లో వచ్చిన పెద్ద సినిమా చూసినప్పటి నుంచి అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ప్రాణస్నేహితులని నా స్నేహితురాలు వాదిస్తోంది. నిజమేనా? సినిమా చూసి చరిత్ర నేర్చుకోవచ్చా?
*పదో తరగతి విద్యార్థిని, నర్సీపట్నం*

వాళ్లిద్దరూ కలిసినట్టు ఆధారం ఎక్కడా లేదమ్మా. అది కల్పన అని సినిమా తీసినవాళ్లే చెప్పారు. మీ స్నేహితురాలితో పోట్లాడకు, ఒక కాగితం తీసుకుని ఇద్దరూ కలిసి రెండు గీతలు గీయండి. ఒక గీత అల్లూరిది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషను మీద దాడి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. 1924 మే 7న మరణం. రెండో గీత భీంది. ఆదిలాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర మరణం, 1940. అల్లూరి పోరాడింది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఇంగ్లీషువాళ్ల ప్రభుత్వంతో. భీం ఎదిరించింది నిజాం ప్రభుత్వాన్ని. ఒకరి మరణానికీ ఇంకొకరి మరణానికీ నడుమ పదహారేళ్లు.

కానీ “అబద్ధం” అని ముద్ర కొట్టి ఊరుకుంటే నీకు దక్కేది తక్కువ. సినిమా ఆ ఇద్దరినీ ఎందుకు పక్కపక్కన నిలబెట్టగలిగింది? ఇద్దరి పోరాటాల వెనకా అడవి ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాత మన్యంలో పోడు కొట్టుకునేవాళ్ల చేతులు కట్టేసినట్టయింది. దానికి తోడు చింతపల్లి వైపు రోడ్లు వేయడానికి బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన్యం మనుషులచేత వెట్టి చేయించాడు. ఆదిలాబాద్‌లో గోండులకూ అటవీ ఉద్యోగులతో అదే పోరు: పోడు కొడితే తప్పు, పశువుల్ని మేపితే పన్ను. ఈ పోలికను సినిమా మూడు గంటల్లో చెప్పదు. నీ రెండు గీతలు చెబుతాయి.

నువ్వు నర్సీపట్నం పిల్లవి కాబట్టి నీకు మరో వసతి ఉంది. ఫోనులో మ్యాపు తెరిచి, కొండలు ఎత్తుపల్లాలతో కనిపించేలా పెట్టుకో. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, ఈ మూడింటికీ గుర్తులు పెట్టు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లంటే ఆ కొండదారుల్లో కాలినడకన ఎంత వేగంగా వెళ్లి ఉండాలో నువ్వే కొలువు. తర్వాత దామనపల్లి ఘాట్ వెతుకు. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు అక్కడ పొంచి కొట్టిన దెబ్బకు చనిపోయారు. ఘాట్ ఆకారం చూశావంటే ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకా ఓపిక ఉంటే పాత పత్రికలు చూడు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి వాటి పాత సంచికలను స్కాన్ చేయించింది. అచ్చు మసకగా ఉంటుంది, అంకెలు అలుక్కుపోయి ఉంటాయి, భాష కొంచెం బరువు. అయినా వార్తను ఆ రోజు మనిషి చదివినట్టే చదవడంలో ఉన్న రుచి వేరు. రేపేమవుతుందో ఆ పత్రిక రాసినవాళ్లకు తెలియదు కదా. భీం వైపు చూడాలంటే, ఆయన మరణం తర్వాత గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను నియోగించింది. 1940లలో ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం డిజిటల్ సేకరణలో ఉన్నాయి. సినిమాలోని అడవిని, ఆ ఫొటోల్లోని అడవిని పక్కపక్కన పెట్టుకుని చూడండి ఇద్దరూ.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి వారాంతపు తెలుగు బడిలో శ్రీకృష్ణదేవరాయల మీద ప్రాజెక్టు చేస్తోంది. ఏఐతో బొమ్మ తీయించింది. ఆరడుగుల అందగాడు, మెలితిరిగిన మీసాలు, కండలు, వెనక హంపి. అద్భుతంగా ఉంది. పెట్టవచ్చా?
*ఒక తండ్రి*

పెట్టండి. ఆ పక్కనే ఇద్దరు సాక్షులను కూడా నిలబెట్టండి.

మొదటి సాక్షి డొమింగో పేస్. సుమారు 1520లో విజయనగరం వచ్చిన పోర్చుగీసువాడు, రాయలను కళ్లారా చూసినవాడు. ఆయన రాసిన ప్రకారం రాయలు మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, చక్కని విగ్రహం, సన్నం కంటే కాస్త లావు వైపు. ముఖం మీద స్ఫోటకం మచ్చలున్నాయి! ఈ సంగతి చెప్పినప్పుడు మా తరగతిలో పిల్లలు నన్ను శత్రువును చూసినట్టు చూసేవారు. వాళ్ల మనసులో ఉన్న రాయలు వెండితెర రాయలు. పేస్ రాతను రాబర్ట్ స్యూయెల్ ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో అచ్చువేశాడు. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ అమ్మాయికి ఇంగ్లీషు కష్టం కాదు కదా, ఆ పేజీ వెతికి ఆమెనే తెలుగు చేయమనండి.

రెండో సాక్షి తిరుమల ఆలయంలో ఉన్న లోహ విగ్రహం. తిరుమలదేవి, చిన్నాదేవి ఇరువైపులా ఉండగా రాయలు చేతులు జోడించి నిలబడి ఉంటారు. తల మీద పొడవాటి కుళ్లాయి. దాని ఫొటో వెతికి, ఏఐ బొమ్మ పక్కన పెట్టి తేడాలు రాయమనండి. మీసం సంగతి మీ అమ్మాయే చూసి చెప్పాలి, నేను చెప్పను.

ఇప్పుడు మూడు వరుసలు. యంత్రం ఏం చెప్పింది, పేస్ ఏం చెప్పాడు, శిల్పి ఏం చెప్పాడు. పేస్ విదేశీయుడు, తన దేశానికి కబురు పంపే ధోరణిలో రాశాడు. శిల్పి దేవుడి ముందు నిలబడిన భక్తుణ్ణి చెక్కాడు. ఇద్దరికీ తమ కారణాలున్నాయి, ఆ కారణాలను మనం విచారించగలం. యంత్రాన్ని విచారిద్దామంటే అది ఎక్కడి నుంచి ఆ మీసం తెచ్చిందో చెప్పలేదు. అడిగితే ఏదో ఒక శాసనం సంఖ్య కూడా గంభీరంగా చెప్పేస్తుంది, ఆ సంఖ్యతో శాసనం ఉండకపోవచ్చు. కాబట్టి ఆ బొమ్మ కింద “యంత్రం ఊహించినది” అని, తేదీతో సహా, పెద్ద అక్షరాల్లో రాయించండి. చిరునామా లేని బొమ్మను నేను ఎన్నడూ నల్లబల్ల ఎక్కనివ్వలేదు. మీరూ ఎక్కనివ్వకండి.

బొమ్మలో భోజనాల పళ్లెం ఉంటే అది కూడా పరీక్షించండి. టమోటా, బంగాళదుంప, మొక్కజొన్న కనిపించాయంటే యంత్రం దొరికిపోయినట్టే. అవి అమెరికా ఖండం పంటలు, రాయల విస్తట్లోకి రావడానికి ఇంకా టైముంది. మిరపకాయ కూడా అమెరికాదే, పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. తెలుగువాడి వంటలో మిరపకాయ లేని రోజులున్నాయంటే పిల్లలు నమ్మరు, పెద్దవాళ్లసలే నమ్మరు.

వెనక హంపి ఉందన్నారు కనుక ఇంకొక్క మాట. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే కొత్త యాభై రూపాయల నోటు ఒకటి తెమ్మనండి. దాని మీద విఠల దేవాలయం ముందున్న రాతి రథం ఉంటుంది. తర్వాత అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో తీసిన హంపి ఫొటోల్లో అదే రథాన్ని చూడండి. రథం నెత్తిన ఇటుకల శిఖరం ఉంటుంది! ఇప్పుడది లేదు. నోటు మీదా లేదు, మీ అమ్మాయి తీయించిన బొమ్మలోనూ ఉండి ఉండదు. రాయలనాటి హంపి అని మనం అనుకునేదాంట్లో తర్వాత ఊడిపోయినది ఎంత ఉందో ఆ ఒక్క ఫొటోతో తెలుస్తుంది.

ప్రశ్న: నా తరగతిలో శ్రీశైలం ముంపు కుటుంబాల మనవలు చాలామంది ఉన్నారు. వాళ్ల తాతల ఊళ్లు ఎక్కడుండేవో వాళ్లకు తెలియదు. గూగుల్ ఎర్త్‌లో చూస్తే నీళ్లే కనిపిస్తున్నాయి. దీన్ని పాఠంగా ఎలా చేయను?
*సోషల్ ఉపాధ్యాయుడు, నందికొట్కూరు*

ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదేనండీ. దీని కోసం రెండు పేజీలైనా ఇస్తామని సంపాదకులు మాట ఇచ్చారు, తర్వాత మాట తప్పారు. అయినా చెప్పగలిగినంత చెబుతాను.

గూగుల్ ఎర్త్‌లో వెనక్కి జరిపే కాలపట్టీ 1984 దగ్గర మొదలవుతుంది. శ్రీశైలం ఆనకట్ట పని 1960లో మొదలై 1980ల ఆరంభంలో పూర్తయింది. అంటే ఆ పట్టీ మొదలయ్యేనాటికే ఊళ్లు నీళ్ల కింద ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్లడానికి రెండు దారులున్నాయి. మొదటిది లాండ్‌శాట్. అమెరికా 1972లో పంపిన ఉపగ్రహం నుంచి మొదలుపెట్టి అన్ని చిత్రాలూ 2008 నుంచి ఉచితం చేశారు. తొలినాటి చిత్రాల్లో ఒక్కో చుక్క సుమారు ఎనభై మీటర్ల నేల. ఊరు కనిపించదు, కానీ కృష్ణ తన పాత గట్ల మధ్య సన్నటి దారంలా పారడం కనిపిస్తుంది. ఇప్పటి చిత్రం పక్కన పెడితే పిల్లలకు ముంపు అంటే ఏమిటో అర్థమైపోతుంది.

రెండో దారి పటాలు. టెక్సాస్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం వెబ్‌సైటులో 1950లలో తయారైన భారతదేశ టోపో పటాలు ఉన్నాయి, యూ502 శ్రేణి అంటారు. కర్నూలు వైపు షీట్లు దించుకోండి. కంప్యూటరులో పెట్టుకునే గూగుల్ ఎర్త్ ప్రో ఉచితమే. అందులో పటాన్ని నేల మీద పరిచే సౌకర్యం ఉంది. పరిచాక నాలుగు చోట్ల సరిపెట్టండి. ఇప్పటికీ కదలని గుర్తులు తీసుకోవాలి: కర్నూలు దగ్గర తుంగభద్ర వంపు, రైలు మార్గం, ఏదైనా కొండ శిఖరం. జలాశయం అంచులను మాత్రం నమ్మకండి. సరిపెట్టాక పటాన్ని పారదర్శకంగా చేసే మీట ఒకటుంటుంది. దాన్ని మెల్లగా జరుపుతూ పోతే నీళ్ల కింది నుంచి ఊరి పేర్లు పైకి తేలతాయి. ఆ మీట పిల్లల చేతికే ఇవ్వండి. తన తాత ఊరి పేరు పైకి వచ్చినప్పుడు పిల్లవాడి ముఖం మీరు చూసుకోండి, నాకు మళ్లీ ఉత్తరం రాయండి.

పేరు దొరికాక ఆ ఊరి సంగతులు కావాలి. 1961 జనగణన జిల్లా పుస్తకాలు జనగణన శాఖ వెబ్‌సైటులో స్కాన్ రూపంలో ఉన్నాయి. ఊరూరికీ జనాభా, ఇళ్లు, బడి ఉందా లేదా, అన్నీ పట్టికలుగా ఇచ్చారు. మునిగిపోయిన ఊరికి అది రేషన్ కార్డు అనుకోండి.

ఆ తర్వాత మనుషులు. ఇక్కడే ఫోను అసలు పని మొదలవుతుంది. పిల్లలను తాతమ్మల దగ్గరికి పంపే ముందు ప్రశ్నలు మీరు చూడండి. “ఊరు పోయినప్పుడు ఎలా అనిపించింది?” అని అడిగితే “ఏముంది నాయనా, పోయింది” అని ఊరుకుంటారు, లేదా ఏడుస్తారు. ఆ రెండింటితోనూ పాఠం నడవదు. మీ ఇంటి గుమ్మం ఏ దిక్కు? నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? సంత ఏ రోజు? బస్సు ఎక్కడ ఆగేది? పీర్లు ఏ వీధిలో లేచేవి? ఇలా అడిగిస్తే ఊరు దానంతటదే లేచి నిలబడుతుంది. సుద్దముక్క ఇచ్చి వాకిట్లో వీధులు గీయమంటే ఇంకా మంచిది. గీస్తున్నప్పుడు ఫొటో తీయాలి. అవ్వ, తాత మధ్య “రచ్చబండ అటు కాదు, ఇటు” అని తగువు వస్తే ఆపకూడదు, అదే రికార్డు కావాలి.

రికార్డింగు మొదట్లో పిల్లవాడు తన గొంతుతో తేదీ, ఊరు, మాట్లాడే మనిషి పేరు చెప్పాలి. ఫ్యాను ఆపాలి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే సరిగ్గా ఊరు ఖాళీ చేసే ఘట్టంలో లోన్ కావాలా అని ఎవరో ఫోన్ చేస్తారు. పూర్తయ్యాక ఫైలు రెండు చోట్ల దాచాలి. అన్నిటికంటే ముందు, దీన్ని ఎవరెవరికి వినిపించవచ్చో ఆ పెద్దమనిషినే అడగాలి. పరిహారం గొడవలు, అన్నదమ్ముల తగువులు వాటిలో దొర్లుతాయి. అనుమతి లేకుండా వాట్సాప్ గ్రూపులో పెడితే చరిత్ర పాఠం కాస్తా ఊరి పంచాయతీ అవుతుంది.

గుళ్ల సంగతి కూడా కలపండి. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మీ వైపున్న సప్తనదీ సంగమేశ్వరం గుడి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది, వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. దేవుళ్లకు రెండు రకాల పునరావాసం. మనుషులకు ఏ రకం దొరికిందో మీ పిల్లల రికార్డింగులు చెబుతాయి.

ప్రశ్న: నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఏ తెరా లేకుండా పిల్లలు ఐఏఎస్‌లయ్యారు. పుస్తకం చదివించే ఓపిక లేని టీచర్లే ఫోన్లు వెనకేసుకొస్తారు. మీలాంటి అనుభవజ్ఞులు కూడా వాళ్లకు వంత పాడటం విచారకరం.
*విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, రాజమహేంద్రవరం*

నమస్కారం మాస్టారూ. ఓపిక లేని టీచరు చేతికి పుస్తకమిచ్చినా “పేజీ 46 నుంచి 52 వరకు చదువుకోండి” అని కుర్చీలో కూర్చుంటాడు. మీరూ అలాంటివాళ్లను తనిఖీ చేసే ఉంటారు.

ఇక చదివించడం సంగతి. కాకతీయుల పాఠంలో మన పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది: గణపతిదేవుడు మోటుపల్లిలో విదేశీ వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. పిల్లలు దాన్ని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఆ 1244 నాటి శాసనం పాఠం, ఇంగ్లీషు అనువాదం ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాల్లో ఉన్నాయి. ఆ సంపుటం నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చూడాలంటే సెలవు పెట్టుకుని పెద్ద గ్రంథాలయానికి పోవాలి. ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. దాంట్లో ఏముందో మీకు తెలియంది కాదు. పూర్వపు రాజులు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవారని రాజే ఒప్పుకుంటాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసినవాళ్ల మీద దయతో, మేం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోం అంటాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. ఆ తర్వాత సరుకుల జాబితా: గంధం, చీనీ కర్పూరం, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టుదారం, పగడం, మిరియాలు.

ఇది చదివాక ఎనిమిదో తరగతి పిల్లవాడు “చీనా కర్పూరం మోటుపల్లికి ఎవరు తెచ్చారు?” అని అడుగుతాడు. “అంతకుముందు ఓడలు దోచుకున్న రాజులెవరు?” అని అడుగుతాడు. “సముద్రం దొంగల కంటే ఒడ్డున రాజులే ప్రమాదమా?” అని కూడా అడుగుతాడు, అడగనివ్వండి. వాడు చదివింది తెర మీద. కానీ చదివాడు మాస్టారూ, మనం కోరుకున్నదానికంటే శ్రద్ధగా చదివాడు. ఫోన్లో రీళ్లు చూస్తూ కూర్చునే పిల్లల విషయంలో మీకెంత కోపముందో నాకూ అంతే ఉంది.

ప్రశ్న: మా ఊరి పాత గుడి వెనక పడిపోయిన రాయి మీద అక్షరాలున్నాయి. మా బడిలో నెట్ సరిగా రాదు, ఉన్నది నా ఫోను ఒక్కటే. దానితో ఏమైనా చేయగలమా?
*ప్రాథమికోన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, సూర్యాపేట జిల్లా*

చేయగలరు, బ్రహ్మాండంగా. దీనికి నెట్‌తో పనే లేదు. మీ పక్క జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్లలో దొరికిన రాయి వల్లనే రుద్రమదేవి 1289లో మరణించిందని తెలిసింది. ఊరి రాళ్లను తేలికగా తీసుకోకూడదు.

మిట్టమధ్యాహ్నం ఫొటో తీయకండి, అక్షరాలు చదునుగా కనిపిస్తాయి. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడే వేళ తీయండి. చెక్కిన గాడిలో నీడ పడి ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. వెలుతురు అనుకూలించకపోతే గొడుగుతో నీడ పట్టి, ఒక పక్క నుంచి టార్చి వేయించండి. ముందు రాయి మొత్తం ఒక ఫొటో, తర్వాత పై వరుస నుంచి కిందికి ముక్కలు ముక్కలుగా. ఒక్కో ఫొటోలో పక్క ఫొటో భాగం కొంత కలిసి రావాలి. రాయి పక్కన పిల్లల స్కేలు పెట్టండి, కొలత తెలుస్తుంది. అక్షరాల్లో సుద్ద రుద్దడం, నూనె పోయడం, వైరు బ్రష్‌తో తోమడం ఎవరు చెప్పినా చేయకండి. ఎండిన మట్టి ఉంటే మెత్తటి పొడి బ్రష్‌తో, అంతే. రాయిని కదిలించనూ వద్దు. అది పడి ఉన్న చోటు కూడా సమాచారమే.

పిల్లలకు పని ఇలా పంచండి. ఒకరు కొలుస్తారు, ఒకరు టార్చి పడతారు, ఒకరు ఊళ్లో పెద్దవాళ్లను ఆ రాయి గురించి అడిగి రాసుకొస్తారు, ఇద్దరు కనిపించిన అక్షరాలను కనిపించినట్టే నోటుబుక్కులో గీస్తారు. చదవలేకపోయినా ఫరవాలేదు. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క వేసినా చాలు, ఒక పూట హాయిగా గడిచిపోతుంది.

ఫొటోలు, కొలతలు, ఊరి పేరు, మండలం, గుడి ఏ దిక్కున ఉందో రాసిన కాగితం, ఇవన్నీ కలిపి తెలంగాణ వారసత్వ శాఖకు ఒక ప్రతి, మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి ఒక ప్రతి పంపండి. పంపే ఉత్తరం మీద పిల్లలందరి సంతకాలూ చేయించండి. జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు, ఈలోగా ఆ రాయిని ఎవరూ బట్టలుతికే బండ చేసుకోకుండా సర్పంచి గారితో ఒక మాట చెప్పి ఉంచండి.